భోగి నాడు విరిగిన చ్యూట్: ఒక స్నోబ్లోవర్ కేస్ స్టడీ

2024 జనవరి 14, ఆదివారం, భోగి. అమెరికాలోని బఫెలో నగరం చుట్టుపక్కల ఆ రోజు గాలీ మంచూ కలిసి వీధికి అవతలి ఇల్లు కూడా కనపడనివ్వలేదు. ఆర్చర్డ్ పార్క్ స్టేడియంలో ఆ మధ్యాహ్నం జరగాల్సిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బఫెలో బిల్స్ ప్లేఆఫ్ మ్యాచ్‌ను సోమవారానికి వాయిదా వేశారు. కౌంటీలో బండ్లు రోడ్డెక్కకూడదని నిషేధం పెట్టారు. అప్పుడు ఆ స్టేడియానికి దగ్గర్లోనే ఉండే ఒక చెల్లెమ్మ నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆమెది గుంటూరు వైపు, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు.

"అన్నయ్యా, మిషన్ మీది గొట్టం విరిగిపోయింది. మంచు పక్కకి పోవట్లేదు, అంతా నా మొహానికే కొడుతోంది. రోడ్డు తెరిస్తే పొద్దున ఏడింటికి డ్యూటీకి వెళ్లాలి."

"ముందు ఇంజిన్ ఆపమ్మా. తాళం తీసి జేబులో పెట్టుకో. స్పార్క్ ప్లగ్ వైరు కూడా లాగేసెయ్. గొట్టంలో చెయ్యి మాత్రం పెట్టొద్దు."

ఈ చివరి మాట నేను ప్రతి ఫోన్‌లోనూ చెబుతాను. స్నోబ్లోవర్, అంటే వాకిలి మీది మంచును తోడి పక్కకి విసిరే మిషన్, ఆగిపోయినా, లోపల ఇరుక్కున్న మంచుగడ్డ వల్ల బెల్టు మీద బిగువు నిలిచి ఉండొచ్చు. గడ్డ కదిలిన క్షణంలో లోపలి రెక్క ఒక్కసారి తిరుగుతుంది. ఆ ఒక్క తిరుగుడుకే వేళ్లు పోతాయి. మిషన్‌తో పాటు ఒక ప్లాస్టిక్ కర్ర ఇచ్చేది అందుకే.

నేను చిన్న ఇంజిన్లు రిపేరు చేస్తాను. ఎండాకాలం గడ్డి కోసే మిషన్లు, చలికాలం స్నోబ్లోవర్లు. మంచును పక్కకి పంపే ఆ గొట్టాన్నే చ్యూట్ అంటారు. విరిగిన చ్యూట్లు ఏటా నా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. కొత్తది వేసి పంపించేయడం అరగంట పని. ఈ ఒక్క కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ విరిగిన ముక్కను మార్చడం కంటే, అది ఎందుకు విరిగిందో కనుక్కోవడం పెద్ద పని అయింది. అది కనుక్కోకుండా ఊరికే స్టీల్ చ్యూట్ బిగించి పంపించి ఉంటే, మరుసటి ఏడు ఇంకో చోట విరిగేది.

మిషన్

చూడని వాళ్ల కోసం రెండు మాటలు. ఇది రెండు దశల స్నోబ్లోవర్, 24 అంగుళాల వెడల్పు. ముందు అడ్డంగా తిరిగే మెలికల ఆగర్ మంచును కొరికి మధ్యలోకి తోస్తుంది. వెనక ఉన్న ఇంపెల్లర్, అంటే రెక్కల చక్రం, దాన్ని పైకి విసురుతుంది. ఆ మంచు దోవ పట్టి పక్కకి పోవడానికి పైన నిలబెట్టిన వంపు గొట్టమే చ్యూట్. దాని కొసన డిఫ్లెక్టర్ అని ఒక మూత ఉంటుంది. మంచు దూరంగా పడాలా దగ్గర పడాలా అన్నది దాని వాలు నిర్ణయిస్తుంది. హ్యాండిల్ దగ్గర కడ్డీ తిప్పితే వర్మ్ గేరు, అంటే మరలాంటి చుట్లున్న గేరు, చ్యూట్ అంచు పళ్లను పట్టి దాన్ని ఎడమకీ కుడికీ తిప్పుతుంది.

మా గోదావరి జిల్లాలో వరి నూర్పిడి మిషన్ గడ్డిని ఎగజిమ్మే గొట్టాన్ని చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. నిజానికి రెండింటికీ బంధుత్వం ఉంది. కెనడాలోని క్యుబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో మొదటి పనికొచ్చే స్నోబ్లోవర్ తయారుచేసి, 1927లో మాంట్రియల్ పక్కనున్న ఔట్రెమాంట్ పట్టణానికి అమ్మాడు. పొలంలో నూర్పిడి యంత్రాన్ని చూసే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు.

చ్యూట్ మీద పడే దెబ్బ ఎంతో ఒక లెక్క చూద్దాం. 12 అంగుళాల ఇంపెల్లర్ నిమిషానికి 1100 చుట్లు తిరిగితే, దాని రెక్క అంచు గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. పిండిలాంటి మంచైతే ఇబ్బంది లేదు. కానీ మున్సిపాలిటీ బండి రోడ్డు మీది మంచునంతా దున్నుకుంటూ పోయి మన వాకిలి మొగదల ఒక కట్టలాగా వదిలిపెడుతుంది. అందులో ఉప్పు నీళ్లతో తడిసి మళ్లీ గడ్డకట్టిన ముక్కలుంటాయి, ఒక్కోటి పిడికిలంత. అవి ఆ వేగంతో చ్యూట్ వెనక గోడకు తగులుతాయి.

ఇక్కడ వాకిలి తెరుచుకోవడం అన్నది సౌకర్యం కోసం చేసే పని కాదు. 2022 నవంబరులో ఈ ఆర్చర్డ్ పార్క్‌లోనే ఒక్క తుఫానుకు 80 అంగుళాల మంచు పడింది. అదే ఏడాది క్రిస్మస్ తుఫానులో ఈ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో ఆమె రెండు షిఫ్టులు వరసగా చేసిందని తర్వాత తెలిసింది, ఎందుకంటే ఆమె స్థానంలో రావాల్సిన మనిషి వాకిలి దాటి రాలేకపోయింది.

విరుపు ఏం చెప్పింది

సోమవారం పక్కింటాయన తన మిషన్‌తో ఆమె వాకిలి తెరిచి పంపాడు. మంగళవారం నేను ట్రక్కు వేసుకుని వెళ్లాను. మిషన్‌ను గ్యారేజీలో దీపం కిందికి లాగి, ముందు ఏమీ విప్పకుండా పావుగంట చూస్తూ కూర్చున్నాను. విప్పడం మొదలుపెడితే సాక్ష్యం చెదిరిపోతుంది.

చ్యూట్ రెండు ముక్కలైంది. పై ముక్క డిఫ్లెక్టర్‌తో సహా పక్కన పడి ఉంది. కింది ముక్క ఇంకా బిగించే ఉంది. విరిగిన అంచును భూతద్దంతో చూస్తే ఒక సంగతి వెంటనే బయటపడింది. అంచులో ఎక్కువ భాగం కొత్తగా, తెల్లగా, గరుకుగా ఉంది. ఎడమ వెనక మూల మాత్రం రెండంగుళాల మేర నల్లగా, నున్నగా ఉంది. అక్కడ మసి, గ్రీజు లోపలిదాకా చేరాయి. అంటే ఆ రెండంగుళాల పగులు పాతది, కనీసం ఒక చలికాలం వెనకటిది. భోగి నాడు జరిగింది ఆఖరి దెబ్బ మాత్రమే.

పాత పగులు ఎక్కడ మొదలైంది? చ్యూట్ అడుగున ఒక గుండ్రటి అంచు ఉంటుంది. అది ఇంపెల్లర్ హౌసింగ్, అంటే రెక్కల చక్రాన్ని కప్పిన డొప్ప మీద మెడలా ఉండే కాలర్‌పై కూర్చుని తిరుగుతుంది. పైకి లేచిపోకుండా మూడు పట్టీలు దాన్ని పట్టి ఉంచుతాయి. పగులు సరిగ్గా ఎడమ పట్టీ కింద నుంచి పైకి పాకింది. పట్టీ విప్పి చూస్తే ఆ చోట అంచు మీద గోటితో నొక్కినట్టు లోతైన గుంట. మిగతా రెండు పట్టీల కింద కూడా అవే గుంటలు.

పట్టీ అంచును నొక్కకూడదు. పట్టి ఉంచాలి, కానీ తిరగనివ్వాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఈ మిషన్‌కు భుజం ఉన్న బోల్టులు ఉంటాయి. ఆ భుజం పట్టీకి కాలర్‌కి మధ్య కొలిచినంత సందు ఉంచుతుంది. వీటికి ఉన్నవి మామూలు పావు అంగుళం బోల్టులు, లాక్ నట్లు. రెండేళ్ల కిందట ఎక్కడో రిపేరు చేయించానని ఆమె చెప్పింది. అక్కడ చ్యూట్ కొంచెం కొట్టుకుంటోందని గట్టిగా బిగించి ఇచ్చారు. చేసినవాళ్లది మంచి ఉద్దేశమే. కొట్టుకోవడం ఆగింది కూడా. కానీ దానితో మూడు కష్టాలు ఒకేచోట కలిశాయి.

మొదటిది పదార్థం. కింది ముక్క లోపల మసి తుడిచి చూస్తే అచ్చు పోసిన గుర్తు కనిపించింది: పీపీ, అంటే పాలీప్రొపిలీన్. మన ఇళ్లలో డబ్బాలు, కుర్చీలు చేసే ప్లాస్టిక్ కుటుంబమే. మామూలు పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి సాగే గుణం తగ్గి పెళుసెక్కడం మొదలవుతుంది. మందు కలిపిన రకాలు ఇంకొంచెం ఓర్చుకుంటాయి. హెచ్‌డీపీఈ, అంటే సాంద్రత ఎక్కువున్న పాలిథిన్, మైనస్ 40లో కూడా సాగుతుంది. కాబట్టి ప్లాస్టిక్ చ్యూట్లన్నీ పనికిరానివని నేను అనను. ఏ ప్లాస్టిక్ అన్నదే అసలు ప్రశ్న.

రెండోది సాగడం, ముడుచుకోవడం. ఎండాకాలం వేడిలో ఉన్న చ్యూట్ చలికాలం మైనస్ 15కు వచ్చేసరికి 50 డిగ్రీల తేడా. ఆ అంచు అడ్డకొలత 18 సెంటీమీటర్లు. ఆ తేడాకు పాలీప్రొపిలీన్ ఒక మిల్లీమీటరు దాకా ముడుచుకుంటుంది. దాన్ని పట్టుకున్న స్టీల్ కాలర్ అందులో పదో వంతు మాత్రమే ముడుచుకుంటుంది. మధ్యలో సందు ఉంటే ఆ తేడా దేనికీ తగలదు. నొక్కి పట్టుకుంటే ఆ లాగుడంతా పట్టీ అంచు దగ్గర చేరుతుంది.

మూడోది రాత్రిళ్లు. పని అయ్యాక అంచులో మిగిలిన తడి గడ్డకట్టి, చ్యూట్ కాలర్‌కు అతుక్కుపోతుంది. పొద్దున హడావిడిలో కడ్డీ తిప్పితే కదలదు. ఇంకొంచెం బలం పెడతాం. "కడ్డీ చాలా గట్టిగా ఉండేది అన్నయ్యా, రెండు చేతులతో తిప్పేదాన్ని" అంది. ఆ బలమంతా అప్పటికే పగిలిన మూల మీదికే పోయింది.

దీనికితోడు ఎండ. మిషన్‌ను ఎండాకాలమంతా డెక్ పక్కన, బయటే ఉంచారు. చ్యూట్ ఒక వైపు నల్లగానే ఉంది, ఎండ తగిలిన రెండో వైపు బూడిద రంగుకు తిరిగి, వేలితో రుద్దితే సుద్దపొడిలా రాలుతోంది. పగులు ఆ రెండో వైపునే ఉంది.

ఆ వారానికి

బుధవారం మళ్లీ తుఫాను వస్తుందని అప్పటికే చెబుతున్నారు. కాబట్టి ముందు మిషన్ నడవాలి. పాత అంచు మీద ఎవరో ఎపాక్సీ పూసిన పొర ఒకటి కనిపించింది, గోటితో లాగితే ఊడి వచ్చింది. పాలీప్రొపిలీన్‌కైనా పాలిథిన్‌కైనా మామూలు జిగురు అంటదు. దానికి అతుకు వేయాలంటే రేకు, రివెట్లే.

పగులు కొస ఎక్కడ ఆగిందో వెతికి, అక్కడ 3 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టాను. పగులు మొన వాడిగా ఉన్నంత కాలం పాకుతూనే ఉంటుంది. గుండ్రటి రంధ్రంలో పడితే ఆగుతుంది. తర్వాత అల్యూమినియం రేకును చ్యూట్ వంపుకు తగ్గట్టు వంచి బయట నుంచి పెట్టి, రెండు ముక్కల్నీ కలిపి పద్నాలుగు రివెట్లు కొట్టాను, లోపలి వైపు ప్రతి రివెట్‌కూ పెద్ద వాషర్ వేసి. పట్టీల బోల్టులు వదులు చేశాను. బుధవారం, గురువారం అది నిలబడింది. శుక్రవారం చూస్తే రెండు రివెట్ల చుట్టూ కొత్త పగుళ్లు సన్నగా మొదలయ్యాయి. తాత్కాలికం అన్న మాటకు అర్థం అదే. ఫిబ్రవరిలో పెద్ద తుఫాను రాకపోవడం మా అదృష్టం.

ఏది వేయాలి

అసలైన ప్లాస్టిక్ చ్యూటే కొత్తది 95 డాలర్లు. తప్పు బోల్టులు సరిచేస్తే అది కూడా ఐదారేళ్లు వచ్చేదే, ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాను. కానీ ఆమె వాకిలి రోడ్డు మొగదల ఉంది, ఏటా ఆ మంచుకట్ట తప్పదు. మిషన్ బయట ఉంచడం కూడా తప్పదు, గ్యారేజీలో రెండు కార్లు, అత్తయ్యగారి వీల్‌చెయిర్ ఉన్నాయి. అలాంటి చోట స్టీలే సరైనదని నా అభిప్రాయం.

ఇదే కంపెనీ పై తరగతి మిషన్లకు స్టీల్ చ్యూట్ ఉంటుంది. ఇంజిన్ పోయి పక్కన పడేసిన అలాంటి మిషన్ ఒకటి నాకు తెలిసిన చోట దొరికింది. చ్యూట్, డిఫ్లెక్టర్, స్టీల్ పట్టీలు కలిపి 40 డాలర్లు. రేకు మందం కొలిస్తే 1.5 మిల్లీమీటర్లు, 16 గేజీ. బరువు వంటింటి కాటా మీద చూశాను: పాత ప్లాస్టిక్ చ్యూట్ 900 గ్రాములు, స్టీల్ 2 కిలోల 800. ఆ సంఖ్యను షెడ్డు గోడ మీద సుద్దతో రాశాను, ఎందుకంటే తర్వాత వచ్చే ఇబ్బందులు కొన్ని దాన్నుంచే వస్తాయని తెలుసు.

బలమైన ముక్క వేస్తే దెబ్బ మాయం కాదు, ముందుకు పోతుంది. ఇన్నాళ్లూ మంచుగడ్డ కొట్టిన దెబ్బను ప్లాస్టిక్ కొంత వంగి, కొంత పగిలి తనలో తీసుకుంది. స్టీల్ వంగదు. కాబట్టి ఆ దెబ్బ అంచుకు, అంచు నుంచి పట్టీలకు, పట్టీల నుంచి కాలర్‌కు, అక్కడి నుంచి హౌసింగ్‌కు పోతుంది. ఈ దారి పొడుగునా వేలు పెట్టి చూశాను. కాలర్ రెండు మిల్లీమీటర్ల స్టీల్, వెల్డింగ్ చుట్టూ తుప్పు పైపైనే ఉంది, సుత్తితో తడితే మోత సరిగానే వచ్చింది. పట్టీ బోల్టులను పావు అంగుళం నుంచి పెద్దవి చేద్దామా అనుకున్నాను. చేయలేదు. ఏదో ఒకటి ముందు లొంగాల్సి వస్తే, అది కొన్ని సెంట్ల బోల్టు కావాలి, హౌసింగ్ కాకూడదు.

కూరగాయలు కోసే పలక

స్టీల్ చ్యూట్ పెట్టి చూస్తే రంధ్రాలు కలిశాయి, మందం కలవలేదు. ప్లాస్టిక్ అంచు 8 మిల్లీమీటర్ల మందం, స్టీల్ అంచు 2. పట్టీ కింద ఉండాల్సిన ఖాళీ 8.5. అలాగే బిగిస్తే చ్యూట్ పట్టీల కింద గంటలా మోగుతుంది. మోగకుండా బోల్టులు బిగిస్తే మళ్లీ పాత కథే.

ఆ 6 మిల్లీమీటర్లు నింపడానికి ఒక వలయం కావాలి. అది చలిలో పగలకూడదు, మంచు దానికి గట్టిగా అంటకూడదు, స్టీల్ దాని మీద జారాలి. హెచ్‌డీపీఈకి ఈ మూడు గుణాలూ ఉన్నాయి. దాన్ని ఎక్కడో ఆర్డర్ పెట్టాల్సిన పని లేదు. కూరగాయలు కోసుకునే తెల్ల పలకల్లో చాలావాటికి అదే పదార్థం. దుకాణంలో 9 డాలర్లకు 6 మిల్లీమీటర్ల పలక దొరికింది, అడుగున హెచ్‌డీపీఈ అని గుర్తుంది.

దాని మీద పాత కాలర్ ఆనవాలు పెన్సిల్‌తో గీసి, జిగ్‌సా రంపంతో కోశాను. రంపం తొందరగా నడిపితే ఈ ప్లాస్టిక్ కోత వెనకాలే కరిగి మళ్లీ అతుక్కుంటుంది. వేగం తగ్గించి, పెద్ద పళ్ల బ్లేడు వేస్తే తెల్లటి ఉలి పొట్టులా శుభ్రంగా వస్తుంది. లోపలి అంచును ఆకురాయితో గుండ్రంగా అరగదీశాను, మంచు అక్కడ తట్టుకుని నిలవకుండా. వలయాన్ని కాలర్ మీద పెట్టి, దాని మీద స్టీల్ చ్యూట్ దింపి, చేత్తో తిప్పాను. తడి రాయి మీద తడి రాయి జారినట్టు చప్పుడు లేకుండా తిరిగింది.

పట్టీల సంగతి. భుజం బోల్టులు ఆ కొలతలో దొరకలేదు. స్టీల్ గొట్టాన్ని 8.5 మిల్లీమీటర్ల ముక్కలుగా ఆరు కోసి, ప్రతి బోల్టుకు ఒకటి తొడిగాను. ఇప్పుడు ఎవరెంత గట్టిగా బిగించినా నట్టు ఆ ముక్క మీద ఆగిపోతుంది, చ్యూట్‌ను నొక్కదు. వలయం 6, అంచు 2, మొత్తం 8. అర మిల్లీమీటరు గాలి మిగిలింది. ఈ ఆరు ముక్కలు ఈ కేసులో స్టీల్ చ్యూట్ కంటే ముఖ్యమైనవని నేను అంటాను.

డిఫ్లెక్టర్ కొంచెం వంగి వచ్చింది, చెక్క మొద్దు మీద పెట్టి సరిచేశాను. ఇరుసు బోల్టులకు నైలాన్ వాషర్లు వేశాను. పాత మిషన్ మీది కర్రను పట్టుకునే క్లిప్పును కూడా మరచిపోకుండా మళ్లీ బిగించాను. అది అందుబాటులో లేని రోజునే మనిషి చేత్తో తీయాలని చూస్తాడు.

దానంతటదే తిరిగింది

మా పెరట్లో మిగిలిన మంచు కుప్ప మీద నడిపి చూశాను. విసరడం బాగుంది. కానీ ఇంజిన్ పూర్తి వేగానికి వచ్చాక చ్యూట్ నెమ్మదిగా, గడియారం ముల్లులా, ఎడమకు జారుతోంది. రెండు నిమిషాల్లో నేను పెట్టిన దిశకు పావు చుట్టు దూరం పోయింది.

కారణం గోడ మీద రాసిన సంఖ్యే. మూడింతల బరువు, అది కూడా వంపు వల్ల ఇరుసుకు పక్కగా ఉంది. ఇంజిన్ అదురుకు ఆ బరువు తన వాలు వెతుక్కుంటుంది. వర్మ్ గేరు దాన్ని ఆపాలి, కానీ ప్లాస్టిక్ అంచు పళ్లకు సరిపోయేలా పెట్టిన దాని బ్రాకెట్ స్టీల్ పళ్లకు దూరంగా ఉంది. పళ్ల మధ్య వదులు ఐదు మిల్లీమీటర్లు.

ఇక్కడ నా చెయ్యి స్పానర్ తీసుకుని నేరుగా పట్టీ బోల్టుల వైపు పోయింది. కొంచెం బిగిస్తే జారదు కదా అనిపించింది. బోల్టులకు తొడిగిన ఆ స్పేసర్ ముక్కలు ఉండబట్టి బిగుసుకోలేదు, అప్పుడు ఆగి ఆలోచించాను. రెండేళ్ల కిందట ఆ రిపేరు చేసిన మనిషికి కూడా సరిగ్గా ఇదే అనిపించి ఉంటుంది. ముందు కనిపించే బోల్టు, ముందు వినిపించే చప్పుడు. అతని మీద నాకు అంతదాకా ఉన్న కోపం ఆ క్షణంలో పోయింది.

జారడాన్ని ఆపాల్సింది కడ్డీ దగ్గర. వర్మ్ బ్రాకెట్ రంధ్రాన్ని ఆకురాయితో పొడుగు చేసి, గేరును పళ్లకు దగ్గరగా జరిపాను. వదులు మూడు మిల్లీమీటర్లకు తగ్గింది. అంతకన్నా తగ్గిస్తే మంచు చేరినప్పుడు పట్టేస్తుంది. కడ్డీ వెనక ఆధారం దగ్గర ఒక అలల వాషర్, అంటే స్ప్రింగులా నొక్కే వాషర్, వేశాను. కడ్డీకి కొంచెం బిగువు వచ్చింది, చ్యూట్‌కు కాదు. మళ్లీ పది నిమిషాలు నడిపాను. చ్యూట్ పెట్టిన చోటే ఉంది.

లోపలి గోడ

స్టీల్ చ్యూట్ వెనక గోడ మధ్యలో ఒక వెల్డింగ్ గీత ఉంది, చిన్న చిన్న బొడిపెలతో. కరుగుతున్న తడి మంచును తోలితే ముందుగా అక్కడే అంటుకుని, దాని మీద ఇంకా పేరుకుని, మూడో నిమిషంలో గొట్టం పూడుకుపోయింది. ప్లాస్టిక్‌కు ఉన్న పెద్ద మంచిగుణం ఇదే, తడి మంచు దానికి అంత తేలిగ్గా అంటదు. స్టీల్‌కు మారేవాళ్లు ఇది ముందే తెలుసుకుని మారాలి.

గ్రైండర్ మీద ఫ్లాప్ డిస్కుతో ఆ గీతను వేలికి తగలనంత నున్నగా చేశాను. పాత రంగు అంచులన్నీ రుద్ది, ప్రైమరు, రెండు పూతల ఎనామెల్, లోపలి వైపు పైన గ్రాఫైట్ పెయింట్ వేశాను. ప్రతి పూతకూ ఒక రోజు ఆరనిచ్చాను. చలికాలం షెడ్డులో రంగు ఆరడం నెమ్మది, తొందరపడితే మొదటి మంచుతోనే పొరలు ఊడతాయి. మార్చిలో పడ్డ తడి మంచులో మళ్లీ తోలితే పూడలేదు, అప్పుడప్పుడూ గొట్టం కొంచెం బరువెక్కేది, అంతే.

ఇంపెల్లర్ రెక్కలకు రబ్బరు పట్టీలు వేస్తే ఇంకా దూరం విసురుతుందట కదా అని ఆమె అడిగింది. నిజమే, రెక్కకీ హౌసింగ్‌కీ మధ్య సందు తగ్గితే తడి మంచు కూడా బాగా పోతుంది. ఈ ఏడాది వద్దన్నాను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, ఏది బాగుపడిందో ఏది చెడిందో చెప్పలేం.

బిల్లు: చ్యూట్ 40, పలక 9, బోల్టులు, పెయింటు 22, మొత్తం 71 డాలర్లు. నా పని ఐదు గంటలు, రంగు ఆరే రోజులు కాక. కొత్త ప్లాస్టిక్ చ్యూట్‌తో పోలిస్తే సామాను చౌక, శ్రమ ఎక్కువ. వేరే షెడ్డులో గంటకు లెక్క కడితే ఇది ఖరీదైన రిపేరే.

మిషన్ అప్పగించేటప్పుడు అడిగింది. "అన్నయ్యా, స్టీల్ వేశాం కాబట్టి ఇక విరగదు కదా?"

"చ్యూట్ విరగదమ్మా. కడ్డీ ఎప్పుడైనా గట్టిగా అనిపిస్తే మాత్రం బలం పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్లు పోసి తిప్పి, వెంటనే తుడిచెయ్. తుడవకపోతే మళ్లీ గడ్డకడుతుంది. అయినా తిరగకపోతే నాకు ఫోన్ చెయ్."

తర్వాతి చలికాలం

2024 నవంబరు చివర, థ్యాంక్స్‌గివింగ్ వారాంతంలో ఈరీ సరస్సు మీదుగా మళ్లీ మంచు మేఘాలు లేచాయి. ఆదివారం రాత్రి ఆర్చర్డ్ పార్క్‌లో మంచు పడుతుండగానే మ్యాచ్ ఆడారు. సోమవారం పొద్దున ఫోన్.

"బాగానే విసురుతోంది. కానీ మొదలుపెట్టగానే గొట్టం పూడిపోయింది. కర్రతో తీశాను. తర్వాత ఇంకెప్పుడూ పూడలేదు."

"మొదట ఒక్కసారేనా? మిషన్ ఎక్కడుంది రాత్రి?"

"మంచు పడుతోందని గ్యారేజీలోకి తోశామన్నయ్యా. హీటరు పక్కన."

ఫోన్‌లోనే కారణం దొరికింది. వెచ్చటి గ్యారేజీలో ఉన్న స్టీల్ చ్యూట్‌ను తీసుకెళ్లి నేరుగా మంచులో పెడితే, తగిలిన మొదటి మంచు ఆ రేకు మీద కరుగుతుంది. బయటి చలికి ఆ తడి వెంటనే గడ్డకడుతుంది. దాని మీద మిగతా మంచు పేరుకుంటుంది. ప్లాస్టిక్ తనలోని వేడిని మంచుకు అంత తేలిగ్గా అందించదు. స్టీల్ అలా కాదు, వెంటనే అందిస్తుంది. పని మొదలుపెట్టే ముందు మిషన్‌ను ఇరవై నిమిషాలు బయట చల్లారనివ్వమని చెప్పాను. ఆ చలికాలం మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

2025 ఏప్రిల్‌లో మిషన్ సర్వీసుకు వచ్చింది. చ్యూట్ వెనక గోడ మీద మంచుగడ్డలు కొట్టిన చోట గ్రాఫైట్ పూత అరచేయంత మేర పోయింది, కింది ఎనామెల్ నిలిచి ఉంది. గోడకు సొట్ట ఒకటి, లోతు ఒక మిల్లీమీటరు కూడా లేదు. పట్టీ బోల్టుల్లో ఒకటి కొంచెం వంగింది, మార్చాను. కాలర్ వెల్డింగ్ చెక్కుచెదరలేదు. కడ్డీని రెండు వేళ్లతో తిప్పితే తిరుగుతోంది.

తెల్ల వలయం మీద పట్టీల కింద మెరుపు వచ్చింది, మందం కొలిస్తే 6 నుంచి 5.7కు తగ్గింది. ఇంకో రెండు చలికాలాలు వస్తుంది. మిగిలిన పలక ముక్కలోంచే రెండో వలయం కోసి, రెండు స్పేసర్ ముక్కలతో కలిపి ఒక కవరులో వేసి, మిషన్ మాన్యువల్‌కు అంటించి ఇచ్చాను. కవరు మీద ఒకే మాట రాశాను: బోల్టు ఎంత బిగించినా ఫర్వాలేదు, ఈ ముక్క తీసేసి మాత్రం బిగించవద్దు.